ఫొటోలో పడ్డవాళ్లు

తెలుగులో ఫొటోకి మూడు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో తీస్తాడు. ఎదురుగా నిలబడ్డవాడు ఫొటో దిగుతాడు, కాలవలోకి దిగినట్టే, కాస్త జంకుతూ, కాస్త ఇష్టంగా. వీళ్లిద్దరూ కాక మూడో మనిషి ఒకడుంటాడు. వాణ్ణెవరూ పిలవలేదు, నిలబడమనలేదు. వెనకనుంచి పోతూనో, పక్కన తన పని తను చేసుకుంటూనో ఫొటోలో పడతాడు. ప్రింటు వచ్చాక ‘ఇదిగో, నువ్వూ పడ్డావే’ అని వాడికి చూపిస్తారు. మేం ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో తస్వీర్ ‘ఖీంచ్‌తే’ హైఁ, తాడు లాగినట్టు లాగుతారు. దిగేవాడు ‘ఖించ్‌వాతా’ హై, లాగించుకుంటాడు. రెండు భాషల మధ్య బతికేవాళ్లకి ఇలాంటి చిల్లర లెక్కలు ఒక సరదా. కాని ఈ లెక్కలో ఒక సంగతి దాగుంది. ముసల్మాన్లుగా మమ్మల్ని ఈ దేశపు కెమెరా ఎప్పుడూ లాగుతూనే ఉంది. అప్పుడప్పుడు మేమే వెళ్లి దిగాం. పడ్డ ఫొటోల జోలికి మాత్రం ఎవరూ పోలేదు, మేమూ పోలేదు. మనుషుల మధ్య సంబంధం అంటూ ఏదైనా ఫొటోకి చిక్కిందంటే అది అక్కడే చిక్కిందని మా వాదన.

కెమెరాకి కోనసీమ అంటే మక్కువ. సినిమావాళ్లు వచ్చి కొబ్బరితోటలు తీస్తారు, కాలవలు తీస్తారు, పెంకుటింటి అరుగు మీద పడక్కుర్చీ తీస్తారు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు తీస్తారు. ఆ పచ్చటి బొమ్మలో మేం లేం. మా మామిడికుదురు మండలం మాత్రం వేరే దారిలో ఫొటోలకెక్కింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై రెండు నెలలకు పైగా ఆరని మంట. 1996 నవంబరు 6 తుఫానుకి నేల మీద పరుచుకున్న కొబ్బరిచెట్లు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయినప్పుడు మొదలంటా మాడిన చెట్లు, బూడిదైన ఇళ్లు, పరామర్శకొచ్చిన నాయకులు. ఈ ఫొటోల్ని తప్పుపట్టం. అవే లేకపోతే తాటిపాక నుంచి కొండపల్లి కరెంటు కేంద్రానికి పోయే ఆ గొట్టంలో ఏం జరిగిందని అడిగే నాథుడే ఉండేవాడు కాదు. కాని ఒక్కటి గమనించాం. మంట ఫొటోల్లో మంట ఉంది, నష్టం ఉంది, నాయకుడున్నాడు. కాలిన ఒంటిని ఎత్తి బండిలో వేసిన చేతులు, అమలాపురం ఆస్పత్రి దాకా ఒళ్లో తల పెట్టుకు కూర్చున్న మనిషి, వాళ్లు ఫ్రేములోకి రాలేదు. వాళ్లెవరో ఏ కులమో ఏ మతమో మాకు పని లేదు. వాళ్లు లేకుండా ఆ ఉదయం ఎలా గడిచిందో ఆ ఫొటోలు చెప్పవు.

సామాన్యుణ్ణి చూడటానికి విపత్తు రానక్కర్లేదని తెలుగులో పట్టుబట్టి చూపినవాళ్లలో కందుకూరి రమేష్ బాబు ఒకరు. జర్నలిస్టుగా మొదలై కెమెరా పట్టి, ‘సామాన్యశాస్త్రం’ అని పేరే పెట్టుకున్నారు తన పనికి. వరంగల్లు భరత్ భూషణ్ 2022లో పోయేదాకా తెలంగాణ పల్లెల గడపల్ని, బతుకమ్మల్ని తీస్తూనే ఉన్నారు. వీళ్ల పని చూశాక మా కళ్లకి ఒక అలవాటు పట్టుకుంది: ఫొటోలో మనిషిని చూశాక ఆ మనిషి పక్కనేముందో చూడటం.

ఇక మా ఫొటో సంగతి. పత్రికల్లో ముసల్మాను ఫొటోకి మూడు సందర్భాలు. రంజాను, రభస, ఎన్నికలు. ఈ మూడూ లేని రోజుల్లో మేం ఉంటామని పాఠకుడికి తెలిసే వీల్లేదు. ఇందులో మా పాపమూ ఉంది, చెప్పుకోవాలి. మేం ఒక పత్రిక డెస్కులో పనిచేస్తున్న రోజుల్లో ఒక నెలవంక రాత్రి ఫొటోగ్రాఫరుకి పైనుంచి చెప్పి పంపారు: టోపీలు కనపడాలి, నవ్వు కనపడాలి, వెనకాల మినారు కనపడాలి. మర్నాడు ఈద్గా దగ్గర ఇద్దరు పిల్లల్ని పట్టుకుని అతను మూడుసార్లు గలే మిలాయించాడు. మూడోసారికి వాళ్లకి విసుగొచ్చింది. ఆ విసుగే నవ్వుగా పడింది. అతను తెచ్చిన వాటిలో ఇంకో ఫొటో కూడా ఉంది, పోజు పెట్టక ముందుది. పెద్దవాడు మోకాలు నేలకానించి చిన్నవాడి చొక్కా గుండీలు పెడుతున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలోకి పోయినట్టుంది, మొహం చిట్లించుకుని విప్పి మళ్లీ పెడుతున్నాడు. చిన్నవాడు వేరే ఎటో చూస్తున్నాడు, అన్న పెడతాడులే అని. మినారు లేదు. ‘ఇందులో పండగేదండీ?’ అన్నారు డెస్కులో. కౌగిలింత ఫొటో మొదటి పేజీకి వెళ్లింది. దానికింద ‘ఆత్మీయ ఆలింగనం’ అని రాసింది మేమే. గుండీ ఫొటోకి ఏం రాయాలో ఆ రోజు మాకూ తోచలేదు.

మతసామరస్యం పోస్టరు మీకు గుర్తుండే ఉంటుంది. ముగ్గురు పిల్లలు. ఒకడికి టోపీ, ఒకడికి బొట్టు, ఒకడి మెళ్లో శిలువ. చేతులు పట్టుకుని నిలబడతారు. సెక్యులర్ మిత్రులు వేదికల వెనక కట్టే బ్యానర్ల మీద ఏళ్ల తరబడి అదే బొమ్మ. వాళ్ల మనసు మంచిదే. కాని ఆ ముగ్గురిలో ఒక్కడికీ పేరు లేదు. ఎవడి తండ్రి ఎవడికి ఎంత అప్పున్నాడో తెలీదు, ఎవడి ఇంట్లో ఎవడు మంచినీళ్లు తాగాడో తెలీదు. మతం తప్ప మరేమీ లేని పిల్లల్ని నిలబెట్టి మతం అడ్డు కాదని చెప్పించడం ఎంత విడ్డూరం! టోపీ, బొట్టు వెతికే కన్ను అల్లర్లలోనూ అవే వెతుకుతుంది.

2002 గుజరాత్ చెప్పగానే రెండు ఫొటోలు కళ్ల ముందు నిలుస్తాయి. రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా తీసిన కుతుబుద్దీన్ అన్సారీ, చేతులు జోడించి, కళ్లలో నీళ్లతో. సెబాస్టియన్ డిసౌజా తీసిన అశోక్ మోచీ, తలకి కాషాయ పట్టీ, చేతిలో ఇనపరాడ్డు. ఒకాయన దర్జీ, ఒకాయన చెప్పులు కుట్టేవాడు. అన్సారీ ఆ ఫొటో దిగలేదు, ప్రాణం అడుక్కుంటూ దానికి చిక్కాడు. తర్వాత ఆ మొహమే ఆయనకి శత్రువైంది. ఎక్కడ పనికి కుదిరినా గుర్తుపట్టేవారు, పనిపోయేది, ఊరు మారాల్సొచ్చేది. పన్నెండేళ్లకి, 2014లో, కేరళలో ఇద్దర్నీ ఒకే వేదిక ఎక్కించారు. అశోక్ గులాబీ ఇచ్చాడు, అన్సారీ పుచ్చుకున్నాడు, కెమెరాలు మెరిశాయి. ఆ గులాబీ ఫొటో మీద మాకు పెద్ద నమ్మకం లేదు, అది కూడా పోస్టరుకి చుట్టమే. 2019లో అహ్మదాబాదులో అశోక్ చిన్న చెప్పుల దుకాణం పెట్టుకుంటే దాన్ని తెరవడానికి అన్సారీ వెళ్లాడు. అక్కడా ఫొటోలు తీశారు. కాని ఈసారి మధ్యలో ఒక దుకాణం ఉంది, బతుకుతెరువుంది, అమ్మాల్సిన చెప్పులున్నాయి. గులాబీ కంటే చెప్పుల జత మాకెక్కువ అర్థమవుతుంది.

అలాగని పెద్ద ఫొటోలన్నీ అబద్ధం, చిన్న ఫొటోలన్నీ నిజం అనుకుంటే మళ్లీ పొరబాటే. 1955లో న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఎడ్వర్డ్ స్టైకెన్ ‘ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ అని ప్రదర్శన పెట్టాడు. 68 దేశాల ఫొటోలు, 503. పుట్టడం, తినడం, నవ్వడం, చావడం, ఎక్కడైనా మనిషి మనిషే అని చెప్పడం ఆయన ఉద్దేశం. జనం తండోపతండాలుగా చూశారు. పారిస్‌లో అది చూసిన రొలాఁ బార్త్‌కి మాత్రం ఒళ్లు మండింది. అందరూ పుడతారు సరే, ఎవరి బిడ్డ ఏ పాకలో పుడుతోంది, అందరూ పనిచేస్తారు సరే, కూలి ఎవరి జేబులోకి పోతోంది అన్నవి ఈ ఫొటోలు మరిపిస్తున్నాయని రాశాడు. మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన పద్నాలుగేళ్ల నల్లపిల్లాడు ఎమ్మెట్ టిల్ తల్లిదండ్రుల్ని అడగండి ఈ మానవ కుటుంబం సంగతి, అన్నాడు. బార్త్ మాట మాకు చెంపదెబ్బలా తగిలింది. నిశ్శబ్దంగా ఉన్న ఫొటోని చూసి కరిగిపోయే జబ్బు మాకూ ఉంది మరి. గుండీ ఫొటో చూసి మురిశాం కదా, ఆ అన్నదమ్ముల చొక్కాలు ఎక్కడివో అడిగామా?

ఈ రెండూ మనసులో పెట్టుకుని మా పెట్టెలు తెరిచాం. మా ఇళ్లలో ఫొటోలు గోడల మీద ఉండవు. బొమ్మలున్న గదిలో నమాజు మక్రూ అని, రహ్మత్ ఫరిష్తాలు రారని పెద్దలంటారు. అందుకని ఫొటోలు ట్రంకు పెట్టెలో, నిఖానామా పక్కన, రంగు వెలిసిన చీరల మధ్య ఉంటాయి. ఆడవాళ్ల ఫొటోలు మరీ తక్కువ. 1892లో హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ చేతిలో పెట్టాడు. అది నవాబుల ఇళ్ల వైభోగం. కోనసీమలో మా నానీలకి, ఖాలాలకి జనానా స్టూడియో తెరిచినవాడు టి.ఎన్.శేషన్! 1993లో ఓటరు కార్డుకి ఫొటో ఉండాలన్నాక బడి వరండాలో బల్ల మీద కూర్చుని మొదటిసారి కెమెరాకేసి చూసినవాళ్లు ఎందరో. చనిపోయాక పెద్దది చేయించుకోవడానికి మా ఇళ్లలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నది ఆ ఒక్క బెదురు చూపే. మా ఆడవాళ్ల మొహాల్ని సర్కారు చూసింది, మేం దాచుకోలేదు. మతం వంక పెట్టి మేం పోగొట్టుకున్న ఫొటోల లెక్క కూడా ఈ వ్యాసంలో ఉండాలి.

ఒక పెట్టెలో ఏడాది బిడ్డ ఫొటో దొరికింది. స్టూడియోలో తీసింది. వెనక తెర మీద జలపాతం, స్టూలు మీద తువ్వాలు, దాని మీద బిడ్డ. వాళ్లమ్మ అప్పటికి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కి మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ వెళ్లారని చాలామంది రాయరు. ఫొటో ఆమెకి పంపడానికే. బిడ్డ పడిపోకుండా వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. మనిషి కనపడదు. నడుం దగ్గర నాలుగు వేళ్లు, మణికట్టు, మట్టిగాజులు పడ్డాయి. ఆ రోజుల్లో ఫోను ఖరీదు, గల్ఫ్‌వాళ్లు మాటలు క్యాసెట్లో రికార్డు చేసి పంపేవారు. ఫొటో అందాక వచ్చిన క్యాసెట్లో ఆ తల్లి బిడ్డ బాగుందని అంది, చిక్కిందా అంది, జలపాతం బాగుందని నవ్వింది. చివర్లో అడిగింది: ‘ఆ గాజులెవరివి?’

గాజులు పక్కింటావిడవి. వేరే మతం ఆవిడ. బిడ్డ ఆవిడ చేతిలో తప్ప ఏడుపు మానేది కాదట. ఇక్కడ ఆగి ఇదీ మా కోనసీమ అని చప్పట్లు కొట్టొచ్చు. కాని రెండేళ్ల తర్వాత తల్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఆమె దగ్గరికి రాలేదు. గాజుల చేతి దగ్గరికే పరుగెత్తింది. ఇద్దరాడవాళ్లూ వాకిట్లో ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోయారని ఆ ఇంటివాళ్లు చెప్పారు. ఆ చెయ్యి ఎంత ప్రేమదో, ఆ తల్లిని అంత దూరం తరిమిన అప్పు అంత నిజం. ఫొటోలో రెండూ ఉన్నాయి. జలపాతమొక్కటే అబద్ధం.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఇవే పెట్టెలు మళ్లీ కిందికి దిగాయి. పుట్టిన కాగితం, బడి కాగితం, పట్టా కాగితం అంటూ వెతుకులాట. ఫొటోలు చేతికొస్తే పక్కన పెట్టేశారు, ఏ ఆఫీసులోనూ చెల్లవు కదా. ఒక కుర్రాడు మాత్రం అన్నాడు, ‘ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నామని ఇవి చెప్పవా?’ చెప్తాయి. వినే ఆఫీసు లేదు. అయితే మా ఫొటోల్ని రుజువుగా ఊరేగించడం మాకిష్టం లేదు. పక్కింటావిడ గాజుల్ని మా దేశభక్తికి సాక్ష్యంగా పిలిస్తే ఆవిడనీ అవమానించినట్టే. పైగా సెల్‌ఫోను వచ్చాక ఫొటోలో పడటం అన్న మాటకి కొత్త అర్థం వచ్చింది. 2022 మే 24న, జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టాక, ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు చూసే పోలీసులు మనుషుల్ని గుర్తించారు. తగలబెట్టినవాణ్ణి పట్టుకోవాల్సిందే. కాని ఆ నెల ఆ చుట్టుపక్కల చాలామంది తమ ఫొటోలు తామే చెరిపేసుకున్నారు. ఎక్కడ ఎవరి పక్కన పడ్డామో అన్న బెంగతో.

ఇక మా సొంత ఫొటో సంగతి చెప్పి ముగిస్తాం. మా తాత ఫొటో మా ఇంట్లో లేదు. మామిడికుదురు దగ్గర ఒక పెంకుటింట్లో, ద్వారబంధం పైన వరసగా వేలాడే ఫ్రేముల్లో ఒకదాంట్లో ఉంది. అది మా ఇల్లు కాదు, మా మతంవాళ్లదీ కాదు. తాత స్టవ్వులు బాగుచేసేవాడు, పెళ్లిళ్లకి పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడు. ఆ ఫొటో ఆ ఇంటి పెళ్లిది. బాసికాలతో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, చుట్టూ జనం. కుడి చివర లైటు ఎత్తి పట్టుకుని మా తాత పడ్డాడు. వెలుగు మరీ దగ్గరై సగం మొహం తెల్లగా మాసిపోయింది. కరెంటు లేని పందిట్లో ఆయన చెయ్యెత్తకపోతే ఆ రాత్రి ఎవరి మొహం ఎవరికీ కనపడేది కాదు.

ఈ ఫొటో గురించి చెబితే సెక్యులర్ మిత్రుడొకాయన కళ్లు చెమర్చాయి. ‘ఇంకేం కావాలి!’ అన్నాడు. మా కుర్రాళ్లు చూసి, ‘మనల్ని దీపస్తంభం చేశారు’ అన్నారు. రెండు మాటలూ మాకు నచ్చలేదు, రెండూ కొట్టిపారెయ్యలేకపోయాం. కాసేపు దగ్గరగా చూస్తే ఇంకోటి కనపడింది. లైటు బరువుకి ఓర్చుకోలేక తాత రెండో చేతిని పక్కన కూర్చున్న ఒక కుర్రాడి భుజం మీద ఆనించాడు. కుర్రాడు ఆ ఇంటివాడే. చూపు పెళ్లి మీదే ఉంది గాని భుజం ఒక పక్కకి ఒరిగి ఉంది, బరువు కాస్తూ. మడి, మైల అనే ఆ రోజుల్లో, పెళ్లి పందిట్లో. ఆ కుర్రాడు ఇప్పుడు ఆ ఇంటి పెద్దాయన. అడిగితే నవ్వాడు. ‘ఆయ్, గుర్తుందండి. సాయిబుగారి చెయ్యి మా బరువండి బాబూ. కదిల్తే లైటు కదిలిపోద్దని అలాగే కూర్చున్నాను.’

ఆ రాత్రి తాత భోజనం ఎక్కడ చేశాడని కూడా అడిగాం. పందిరవతల విడిగా ఆకు వేశారని ఆయనే చెప్పాడు, మామూలుగా, దాచకుండా. భుజం నిజం, విడిగా వేసిన ఆకూ నిజం. ఫొటో భుజాన్నే పట్టుకుంది. ఆకు గురించి మనం అడగాలి, అడగందే ఫొటో చెప్పదు.

ఇంటికొచ్చాక మా పెట్టెలో ఉన్న మా పెళ్లి ఫొటో ఒకటి తీశాం. సెహ్రా కట్టిన దుల్హా, చుట్టూ బంధువులు. పైన, కొబ్బరాకుల పందిరి మీదనుంచి ఒక పాదం వేలాడుతోంది. పందిరికి చివరి ముడి వేస్తున్న మనిషిది. మా తోటల్లో కాయ దింపే కూలీ అతను, దళితవాడ నుంచి వచ్చేవాడు. చెట్టెక్కీ ఎక్కీ కాయలు కాసిన పాదం. ఇన్నేళ్లలో ఆ ఫొటో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, ఆ పాదం ఎవరిదని ఒక్కసారీ అనుకోలేదు. అతను ఆ రోజు దస్తర్‌ఖానా మీద కూర్చున్నాడా, దొడ్లో తిన్నాడా అని మా పెద్దల్ని అడిగాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసల్మాన్లలో ఎక్కువ తక్కువలు లేవని చెప్పేవాళ్లంతా కాసేపు మాట్లాడలేదు.

మొన్న మళ్లీ ఆ పెంకుటింటికి వెళ్లాం, తాత ఫొటోకి నకలు తీసుకుందామని. ఫ్రేము దించొద్దు, వెనక అట్ట చెదలు తినేసింది, కదిపితే రాలిపోతుందన్నాడు పెద్దాయన. బల్ల ఎక్కి సెల్‌ఫోనుతోనే తీశాం. వాకిట్లోంచి ఎండ వచ్చి అద్దం మీద మెరుస్తోంది, సరిగ్గా తాత మొహం మీదే. అది చూసి ఆ ఇంటి కోడలు వంటింట్లోంచి వచ్చి పక్కన నిలబడి, చీర కొంగు ఎత్తి వెలుగుకి అడ్డం పట్టింది. తాత స్పష్టంగా వచ్చాడు. కింద ఎడంపక్క కొంగు అంచు కూడా పడింది.